నలభై రెండో ఆకు

మద్రాసు నుంచి రాజమండ్రికి రైల్లో,
అక్కణ్ణించి అంబాజీపేటకి ఖాళీ గోనెసంచుల లారీలో
వచ్చింది లెడ్జరు బైండరు.
నల్ల రెక్సిను అట్ట, ఇనుప వెన్ను,
వెన్నులో చిటికెనవేలు పట్టని తాళం కన్నం.

తాళంచెవి మూడు చుట్లు తిప్పితే
లోపల మర ఏదో సణిగి
రెండు ఉక్కు కడ్డీలు పైకి లేచేవి.
ఆకులు ఊపిరి వదిలేవి.
ఎదురు తిప్పితే పళ్ళు బిగించేది.
ఇక పట్టకారుతో లాగినా ఒక్క కాగితం రాదు.
వానాకాలం మర మొరాయిస్తే
కురిడీ నూనె ఒక చుక్క. మా కొట్టులో దానికి కొదవేముంది.

పెద్ద గుమాస్తా వేమవరపు సోమయాజులు గారు దాన్ని ముట్టుకోలేదు.
"కుట్టిన పుస్తకంలో ఆకు చింపితే
దాని జంట ఆకు ఊడివచ్చి సాక్ష్యం చెబుతుందయ్యా.
దీనికి జంటా లేదు, దారమూ లేదు"
అని పొడుం పీల్చి
తన చిట్టా ఆవర్జాల దగ్గరికి పోయి కూర్చునేవారు.
నేను కొత్తవాణ్ణి.
ఆ ఇనుము చప్పుడు నాకు ఇష్టం.

బ అక్షరం పసుపు చీటీ వెనక, నలభై రెండో ఆకు
బొంతు చిట్టెమ్మది.
లంకలో ముప్పై ఒక్క చెట్టు.
ప్రతి దింపుకీ కాయ మాకే వేసేది,
డబ్బు మాత్రం వెంటనే పట్టుకెళ్ళేది కాదు.
"మీ కాడుంటే గోదారి ఎత్తుకుపోదు గదండీ."
జమ నిల్వ
పదకొండు వందల నలభై ఆరు రూపాయల యాభై పైసలు.

ఎనభై ఆరు ఆగస్టులో
లంక సగం కోతకి పోయింది.
చెట్లు నిలువునా, గెలలతోనే,
ఏదో పనున్నట్టు నడిచి వెళ్ళాయని పడవవాళ్ళు చెప్పారు.
కొట్టులో మోకాటి లోతు నీళ్ళు.
బైండరు అటకెక్కి బతికింది.
సోమయాజులు గారి కుట్టు పుస్తకాలు
నానిన అటుకుల్లా ఉబ్బిపోయాయి.
ఆయన వాటిని నెల్లాళ్ళు ఎండబెట్టారు, ఒక్కో ఆకూ విడదీసి.

మార్చి ముగింపు లెక్కల్లో షావుకారు అన్నాడు:
"మనిషి జాడ లేదు, చెట్టు లేదు.
ఆకెందుకు? తియ్యి."
తాళంచెవి నా మొలతాడుకే ఉండేది.
మూడు చుట్లు.

ఆ మొత్తం చిల్లర ఆదాయంలో కలిపాను.
పద్దు పైసాతో సహా సరిపోయింది.
ఆడిటరు ఆకుపచ్చ సిరాతో టిక్కు పెట్టి
బొండం తాగి వెళ్ళాడు.

రెండేళ్ళకి వచ్చింది.
యానాం దారిలో ఇటుకబట్టీలో ఉంటోందట.
లెడ్జరు బల్లమీద తెరిచి
ఆమె కళ్ళెదుటే తిప్పాను.
నలభై ఒకటి. నలభై మూడు.
"ఉంటే ఇక్కడే ఉండాలమ్మా."
చదువు రాదు.
ఆకుల్ని చూడలేదు, ఇనుప వెన్నుని చూసింది.
వేలి ముడితో తట్టింది, పుచ్చకాయని తట్టినట్టు.
"గట్టిదేనండి, ఆయ్" అంది.
గుమ్మం బయట చెప్పులు వేసుకుంది.

కొట్టు మూసేసి పాతసామాను తూకానికి వేసినరోజు
కాటా మీద అది నాలుగు కిలోల మూడొందలు.
ఇనుము ధరకే కొనుక్కున్నాను.
ఇటుకబట్టీల వైపు అప్పటికే రెండుసార్లు వెళ్ళివచ్చాను.
బట్టీ మారింది, మేస్త్రీ మారాడు,
చిట్టెమ్మ అంటే ముగ్గురు తలెత్తారు, ముగ్గురూ కాదు.

దుప్పట్ల పెట్టె అడుగు నుంచి
మడత పెట్టిన ఆకు తీశాను.
ఆ రోజు చింపమన్నారు, చింపలేదు.
అంతకు మించి నేనేమీ చెయ్యలేదు.
రెండు కన్నాలూ కడ్డీలకి ఇంకా సరిగ్గానే దిగాయి.
నూనె వేసి తిప్పాను.

అయిదు వందల ఆకుల కోసం చేసిన మర,
ఒక్కదాన్ని బిగించడం దానికి రాదు.
ఎంత తిప్పినా అట్టల మధ్య అంత ఖాళీ.
పంకా వేస్తే చాలు,
లోపల అది
కొట్టుకుంటూ ఉంటుంది.